తండ్రుల గుహ

రోమ్ నగరంలో కొలోసియంకి కొద్ది దూరంలో సాన్ క్లెమెంతే అనే చర్చి ఉంది. బయటినుంచి చూస్తే మామూలు పాత చర్చిలాగే ఉంటుంది. లోపలికెళ్లి మెట్లు దిగితే దాని కింద ఇంకో చర్చి, నాలుగో శతాబ్దం నాటిది. ఇంకా కిందికి దిగితే ఒకటో శతాబ్దపు కట్టడాల గోడలు, ఒక ఇరుకు సందు, గోడల వెనక ఎక్కడో పారుతున్న నీళ్ల చప్పుడు. అక్కడ ఇనుప కటకటాల వెనక ఒక చిన్న గది కనిపిస్తుంది. గుహలా వంగిన పైకప్పు, రెండువైపులా గోడలకి ఆనించి కట్టిన రాతి అరుగులు, మధ్యలో ఒక బలిపీఠం. ఆ పీఠం మీద చెక్కిన శిల్పంలో ఒక యువకుడు ఎద్దు వీపు మీద మోకాలు ఆనించి దాని మెడలో కత్తి దింపుతుంటాడు.

ఒక సదస్సు కోసం ఆ దేశం వెళ్లినప్పుడు, చివర మిగిలిన ఒక్క మధ్యాహ్నం నేను అక్కడికి వెళ్లాను. నా ముందు ఒక యాత్రికుల బృందం ఉంది. వాళ్ల గైడు కటకటాల ముందు నిలబడి, ఈ దేవుడి పేరు మిత్రాస్ అనీ, ఇది రోమన్ సైనికుల రహస్య మతమనీ చెప్పి, బృందంలోని ఆడవాళ్లకేసి తిరిగి, ఆ రోజుల్లో అయితే మీరెవరూ ఇక్కడిదాకా వచ్చేవాళ్లు కాదు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి మెట్లెక్కుతున్నప్పుడు ఆ నవ్వు గురించి ఆలోచించాను. గడప దగ్గర ఆగిపోవడం మనకి కొత్త కాదు. అందుకే అంత తేలిగ్గా నవ్వు వచ్చిందేమో. ఎవరూ రాకూడదన్నారు, ఎందుకన్నారు, రాకూడనివాళ్లు ఆ సమయంలో ఎక్కడున్నారు అన్న ప్రశ్నలు నవ్వు అయిపోయాక కానీ రాలేదు.

నేను రోమన్ చరిత్రకారిణిని కాను. నా పరిశోధన తెలుగు స్త్రీల సాహిత్యం మీద. కానీ ఆ ప్రశ్నలు నాతోపాటే ఇంటికొచ్చాయి. తర్వాత వీలైనప్పుడల్లా మిత్రాస్ గురించి చదువుతూ వచ్చాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

ముందు పేరు సంగతి. మిత్ర మనకి తెలిసిన దేవుడే. ఋగ్వేదంలో వరుణుడి జంటగా కనిపిస్తాడు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిట్టైట్ రాజుకీ, మితాన్ని రాజుకీ మధ్య జరిగిన ఒప్పందంలో సాక్షులుగా పిలిచిన దేవుళ్లలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులు ఉన్నారు. ఇరాన్ అవెస్తాలో మిథ్ర మాట తప్పనివాళ్లని కాపాడే దేవుడు. ఒప్పందం అన్న అర్థంలోంచే స్నేహితుడు అన్న అర్థం వచ్చింది. మన భాషలో మిత్రుడుకి పక్కనే మిత్రురాలు కూడా ఉంది. రోమన్ మిత్రాస్ పక్కన మాత్రం ఆ రెండో మాటకి చోటు లేదు. రోమన్లు ఈ మతాన్ని నేరుగా ఇరాన్ నుంచే తెచ్చుకున్నారని 19వ శతాబ్దం చివర బెల్జియన్ పండితుడు ఫ్రాంజ్ క్యుమో రాశాడు. చాలాకాలం అదే చివరి మాటగా చెలామణి అయింది. 1971లో మాంచెస్టర్‌లో జరిగిన సదస్సులో రిచర్డ్ గోర్డన్, జాన్ హిన్నెల్స్ లాంటివాళ్లు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. పేరు తూర్పుదే అయినా, గుహా, దీక్షా, మెట్లవారీ హోదాలూ చాలావరకు రోమన్ సామ్రాజ్యంలోనే రూపుదిద్దుకున్నాయని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు.

ఒకటో శతాబ్దం చివర కనిపించడం మొదలైన ఈ మతం రెండు, మూడు శతాబ్దాల్లో బ్రిటన్ నుంచి సిరియా దాకా వ్యాపించింది. రైన్, డాన్యూబ్ నదుల వెంబడి ఉన్న సైనిక శిబిరాల దగ్గర దీని గుడులు ఎక్కువ. అందుకే సైనికుల మతం అన్న పేరు స్థిరపడింది. నిజానికి సైనికులతోపాటు సుంకాల గుమాస్తాలూ, చక్రవర్తి ఇంటి బానిసలూ, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లూ, వర్తకులూ ఇందులో పెద్ద సంఖ్యలో ఉన్నారు. రోమ్‌కి రేవుపట్నమైన ఓస్తియాలో పదిహేనుకి పైగా మిత్రాస్ గుడులు బయటపడ్డాయి. అక్కడ సైనిక శిబిరమేమీ లేదు. అంటే వర్గాల గోడలు దాటడం ఈ మతానికి చేతనయింది. బానిసా, అధికారీ ఒకే గదిలో ఎదురెదురు అరుగుల మీద ఒరిగి ఒకే భోజనం తిన్నారు. స్త్రీ పురుషుల మధ్య గోడని మాత్రం అది దాటలేదు, దాటాలనుకోలేదు. మాన్‌ఫ్రెడ్ క్లాస్ అనే జర్మన్ చరిత్రకారుడు శాసనాల నుంచి మిత్రాస్ భక్తుల పేర్లు ఏరి 1992లో ప్రచురించాడు. దాదాపు వెయ్యి పేర్లు. వాటిలో దీక్ష తీసుకున్న స్త్రీ అని నిస్సందేహంగా చెప్పగల పేరు ఒక్కటీ లేదు. ఆ ఏడాదే ఆస్ట్రియాలోని విరునుమ్ దగ్గర ఒక కంచు ఫలకం దొరికింది. క్రీ.శ. 184లో 34 మంది సభ్యుల పేర్లతో మొదలై, తర్వాతి ఏళ్లలో చేరినవాళ్లతో కలిపి 98 పేర్లయ్యాయి. అన్నీ మగవాళ్లవే.

ఆ కాలంలో అంతేలే, స్త్రీలని ఎక్కడ రానిచ్చారు కనుక అనుకోవడానికి వీల్లేదు. అదే రోమ్‌లో ఐసిస్ దేవత ఆరాధనలో స్త్రీలు దీక్ష తీసుకున్నారు, ఊరేగింపుల్లో నడిచారు. మహామాత సిబెలీకి పూజారిణులున్నారు. వెస్తా దేవత అగ్నిని కాపాడింది కన్యలే. ఆ పక్కనే పుట్టిన క్రైస్తవంలో మొదటినుంచీ స్త్రీలున్నారు. ఇన్ని తలుపులు తెరిచి ఉన్న నగరంలో ఈ ఒక్క తలుపు మూసి ఉందంటే, అది కాలధర్మం కాదు. ఎవరో కావాలని మూశారు.

ఆ మూసిన తలుపు వెనక ఏం చేశారన్నది ఇంకా ఆసక్తికరం. మిత్రాస్‌కి తల్లి లేదు. అతను రాతిలోంచి పుట్టాడు. శిల్పాల్లో నడుం దాకా రాయి, పైన నగ్నంగా యువకుడు, ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో దివిటీ. పసితనం లేదు, పాలు తాగడం లేదు, పెంపకం లేదు. కత్తి పట్టుకునే పుట్టాడు. కొన్ని శాసనాల్లో ఆ రాతికి కూడా మొక్కారు. అక్కడ వాడిన లాటిన్ మాట జెనిట్రిక్స్, అంటే కన్నతల్లి. వీనస్ దేవతకి రోమన్లు ఇచ్చిన బిరుదు అదే. స్త్రీలింగ పదం. కన్నతల్లి అన్న మాటని ఉంచుకున్నారు, దాన్ని రాయికి ఇచ్చారు. ఈ సంగతి చదివిన రోజున పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇక ఆ ఎద్దు. ప్రతి గుడిలోనూ ముఖ్యమైన చోట ఉండే దృశ్యం ఇదే. మిత్రాస్ ఎద్దుని చంపుతాడు. కుక్క, పాము గాయం దగ్గరికి ఎగబాకుతాయి. తేలు ఎద్దు వృషణాలని పట్టుకుంటుంది. చాలా శిల్పాల్లో ఎద్దు తోక చివర గోధుమ కంకులు మొలుస్తాయి. దీని అర్థం మీద వందేళ్లుగా వాదాలు నడుస్తున్నాయి. ఇది నక్షత్ర పటమని 1989లో డేవిడ్ ఉలాన్సీ అన్నాడు. రోజర్ బెక్ ఇంకో రకంగా ఖగోళాన్ని చదివాడు. ఆ వాదాల్లోకి నేను పోను. ఒక సాహిత్య విద్యార్థినిగా నాకు కనిపించే కథ ఇది: జీవం పుడుతోంది, పంట పండుతోంది, అయితే గర్భంలోంచి కాదు, కత్తి గాయంలోంచి. పుట్టించే శక్తి ఒక మగ జంతువుది, దాన్ని విడుదల చేసేది ఒక మగ దేవుడి చెయ్యి. ఈ దృశ్యంలో స్త్రీమూర్తి ఒక్కతే ఉంటుంది. కుడివైపు పైమూల చంద్రదేవత లూనా. కొన్ని శిల్పాల్లో ఆమె మొహం పక్కకి తిప్పుకుని ఉంటుంది. ఎందుకు తిప్పుకుందో ఖగోళశాస్త్రం చెప్తుందేమో గానీ, నేను చూసిన ప్రతి ఫోటోలోనూ ముందు ఆమె కోసమే వెతుక్కున్నాను.

దీక్షలో ఏడు మెట్లున్నాయి. బొంతకాకి, పెళ్లికూతురు, సైనికుడు, సింహం, పర్షియన్, సూర్యుడి దూత, తండ్రి. రెండో మెట్టు దగ్గర ఎవరైనా ఆగుతారు. లాటిన్‌లో నింఫుస్. పెళ్లికూతురికి గ్రీకులో నింఫే అన్న మాట ఉంది. దానికి పురుష ప్రత్యయం తగిలించి, అప్పటిదాకా లేని ఒక మాటని తయారుచేశారు. మగ పెళ్లికూతురు. ఓస్తియాలో ఫెలిసిస్సిముస్ అనే అతను వేయించిన గచ్చు మీద ఏడు మెట్లకీ గుర్తులున్నాయి. ఈ మెట్టుకి దీపం, తలకట్టు. కాపాడే గ్రహం వీనస్. సభ్యులు ఒకరినొకరు పిలుచుకునే పేర్లలో ఒకదానికి కుడిచేతులు కలిపినవాళ్లు అని అర్థం. రోమన్ శిల్పాల్లో వధూవరులు చేసేది కూడా అదే, కుడిచెయ్యి కుడిచేతిలో పెట్టడం. స్త్రీని గడప బయట ఉంచి, ఆమె పెళ్లి ముసుగునీ, దీపాన్నీ, చెయ్యి పట్టుకునే తంతునీ మాత్రం లోపలికి తీసుకుపోయారు. ఈ మెట్టు మీద ఉన్నవాడు అక్కడే ఉండిపోకూడదు. దాన్ని దాటితే సైనికుడవుతాడు. చివరికి చేరాల్సింది తండ్రి స్థానం. ఇటలీలో కాపువా దగ్గర 1922లో బయటపడిన గుహ గోడలమీద దీక్ష బొమ్మలున్నాయి. కళ్లకి గంతలు కట్టి, నగ్నంగా మోకాళ్లమీద ఉన్న మగవాడు, అతని వెనక నిలబడ్డ ఇంకొకడు. లొంగడం నేర్పి, లొంగదీసే స్థానానికి చేర్చే మెట్లివి. పితృస్వామ్యం స్త్రీల మీదే కాదు, ముందు మగవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో ఈ గోడలు చూపిస్తాయి. సామ్రాజ్యానికి ఇలాంటి మగవాళ్లే కావాలి. క్రీ.శ. 308లో డాన్యూబ్ ఒడ్డున కార్నుంటుమ్‌లో డయొక్లీషియన్, గలేరియస్, లిసినియస్ కలిసినప్పుడు తమ సామ్రాజ్యానికి అండ అని మిత్రాస్‌కి ఒక పీఠం ప్రతిష్ఠించారంటే ఆశ్చర్యం లేదు.

ఇంతకీ ఈ ఏడు మెట్ల వరస మనకెలా తెలిసింది? శాసనాల్లో, గచ్చుల మీద, గోడల మీద ఆధారాలున్నాయి. ఏడింటినీ వరసగా చెప్పిన రచన మాత్రం ఒక ఉత్తరం. క్రీ.శ. 400 దాటిన తొలి ఏళ్లలో జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు బెత్లెహేం నుంచి రోమ్‌లో ఉన్న లేటా అనే స్త్రీకి రాసిన ఉత్తరం. ఆమెకి కూతురు పుట్టింది. పాపకి నాయనమ్మ పేరే, పావులా. ఆ పిల్లని ఎలా పెంచాలో చెప్పమని తల్లి అడిగితే జెరోమ్ జవాబు రాశాడు. అందులో మొదట్లోనే, మీ బంధువు గ్రాకుస్ రోమ్ నగరాధికారిగా ఉన్నప్పుడు మిత్రాస్ గుహని పగలగొట్టాడు కదా అని గుర్తుచేస్తూ అక్కడి దీక్షల పేర్లు వరసపెట్టి చెప్పాడు. గ్రాకుస్ ఆ పని చేసింది 377 ప్రాంతంలో. అంటే స్త్రీలకి ప్రవేశం లేని గుహ లోపలి మెట్ల వరస, ఒక తల్లికి కూతురి పెంపకం గురించి రాసిన ఉత్తరంలో భద్రంగా నిలిచింది. గుహ కాపాడుకోలేని రహస్యం ఒక స్త్రీ పేరున వచ్చిన ఉత్తరంలో దాగింది.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. ఆ ఉత్తరం రాతప్రతుల్లో రెండో మెట్టు పేరు చెదిరిపోయింది. లేఖకులకి మగ పెళ్లికూతురు అన్న మాట అర్థం కాలేదు కాబోలు, ఏవేవో రాశారు. క్యుమో కాలంలో దాన్ని దాగినవాడు అని అర్థం వచ్చే మాటగా సరిదిద్ది చదివారు. తర్వాత సిరియాలోని డ్యూరా యూరోపస్‌లోనూ, రోమ్‌లో శాంటా ప్రిస్కా చర్చి కింద గోడలమీదా అసలు మాట కనిపించాక, ఆ పెళ్లికూతురు తిరిగి తన చోటికి వచ్చింది. స్త్రీని సూచించే ఒక మాట, అదీ మగవాళ్లు పెట్టుకున్న మాట, పండితుల చేతుల్లో కొంతకాలం దాగినవాడుగా మారిపోయింది. పాఠపరిష్కరణ అమాయకమైన పని కాదని మన దగ్గర కూడా మనం చూశాం.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. నా తరం పరిశోధకురాళ్లు వెతికి పట్టుకోవడం అనే పద్ధతిలో తయారైనవాళ్లు. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయించడం, దాని మీద నిషేధం రావడం, 1991లో సూసీ తారూ, కె. లలిత సంకలనం ద్వారా ఆ కథ మళ్లీ మన ముందుకు రావడం మాకు పునాది పాఠాలు. లేదు అని చెప్పిన ప్రతిచోటా ఉంది అని అనుమానించడం మాకు అలవాటు. మిత్రాస్ గుహలో కూడా నేను ఆ అలవాటుతోనే దిగాను. ఒక్క స్త్రీ అయినా దొరుకుతుందని.

ఆధారాలు లేకపోలేదు. మూడో శతాబ్దపు తత్వవేత్త పోర్ఫిరీ, మిత్రాస్ దీక్ష పొందిన మగవాళ్లని సింహాలనీ, స్త్రీలని హైనాలనీ, పరిచారకులని కాకులనీ పిలిచేవారని ఒకచోట రాశాడు. దుమ్ములగొండి అన్నమాట. ఆ మాట బాగోలేదని కొందరు సంపాదకులు దాన్ని ఆడసింహాలు అని దిద్దారు. స్త్రీలకి ప్రవేశం లేదు కాబట్టి ఆ వాక్యమే పొరపాటని ఇంకొందరు కొట్టిపారేశారు. లిబియాలో ట్రిపోలీ దగ్గర ఏలియా అరిసుత్ అనే స్త్రీ సమాధి ఉంది. అక్కడ పడుకున్నది ఆడసింహమని రాసి ఉంది. ఆమె భర్త సమాధి మీద సింహమని ఉంది. అది మిత్రాస్ హోదానా, ఇంకేదైనా బృందపు గుర్తా అన్నది తేలలేదు. దేవుడికే కాక సైతానుకి కూడా కన్యలున్నారని టెర్టూలియన్ రాసిన ఒక వాక్యం మిత్రాస్ ప్రస్తావన దగ్గరే వస్తుంది. ఆ కన్యలు మిత్రాస్ గుడివాళ్లా అన్నది వ్యాకరణాన్ని ఎలా చదువుతామన్న దానిమీద ఆధారపడి ఉంది. వీటన్నిటినీ కలిపి 2000లో జొనాథన్ డేవిడ్ ఒక వ్యాసం రాశాడు. స్త్రీల బహిష్కరణ ప్రాచీనులదా, ఆధునికులదా అని ఆయన ప్రశ్న. స్త్రీలు లేరని ముందే నిర్ణయించుకుని, ఉన్నట్టు చెప్పే ప్రతి ఆధారాన్నీ తప్పు అంటున్నారని ఆయన అన్నాడు.

ఆ వ్యాసం చదివినప్పుడు నాకు పండగలా అనిపించింది. రెండోసారి చదివితే అంత ధైర్యం రాలేదు. ఒక దిద్దిన మాట, ఒక సమాధి, ఒక సందేహపు వాక్యం. వెయ్యి పేర్ల ఎదురుగా ఇవి. పండితులు ముందే తీర్మానించుకున్నారన్న ఆయన మాట నిజమే. అయినా ఆ తీర్మానాన్ని కూలదోసే బలం ఈ ఆధారాలకి లేదు. నా కోరిక ఆధారం కాదు. ఒక స్త్రీ దొరికితే బావుండు అన్న ఆశలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక్క ఆడసింహాన్ని గుహలో కూర్చోబెట్టగానే, ఆ గుహని స్త్రీలు లేకుండా కట్టుకున్నవాళ్లు బాధ్యత నుంచి తప్పించుకుంటారు. మూసిన తలుపుని తెరిచి ఉందని చెప్పడం మన పని కాదు. మూసిందెవరో చెప్పడం మన పని.

అందుకని గుహలో వెతకడం ఆపి బయట చూడటం మొదలుపెట్టాను. బయట స్త్రీలు కావలసినంతమంది ఉన్నారు.

ఉత్తర ఇంగ్లండ్‌లో హేడ్రియన్ గోడ పక్కన కారోబర్గ్ అనే కోట దగ్గర 1949లో ఒక మిత్రాస్ గుడి బయటపడింది. అక్కడ కోట అధిపతులు ప్రతిష్ఠించిన మూడు పీఠాలున్నాయి. ఆ గుడికి దగ్గరలోనే కొవెంటినా అనే జలదేవత బావి ఉంది. 1876లో దాన్ని తవ్వితే 13 వేలకి పైగా నాణేలు దొరికాయి. దేవుడి గుహకి కొందరే, దేవత బావికి అందరూ. ఇంకో విశేషం, మిత్రాస్ గుడి ముందుగదిలో ఒక తల్లిదేవత బొమ్మ దొరికింది. లోపలి గదిలో కాదు, ముందుగదిలో. ఎవరు తెచ్చి పెట్టారో ఏ శాసనమూ చెప్పదు. గడప దాకా మాత్రం ఆమె వచ్చింది.

అదే సరిహద్దులో విండోలాండా అనే ఇంకో కోట ఉంది. అక్కడి మట్టిలో పల్చటి చెక్కముక్కల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే స్త్రీ తన స్నేహితురాలు సుల్పీసియా లెపిడీనాకి రాసింది. సెప్టెంబర్ 11న తన పుట్టినరోజుకి రమ్మని. ఉత్తరం అంతా లేఖకుడు రాశాడు. చివర్లో నాలుగు ముక్కలు ఆమె తన చేత్తో రాసింది. స్త్రీ చేతిరాతలో మనకి మిగిలిన అతి పాత లాటిన్ రాతల్లో అదొకటి. కుడిచేతులు కలిపిన మగవాళ్ల సంఘం గురించి పుస్తకాలకి పుస్తకాలున్నాయి. కుడిచేత్తో స్నేహితురాలికి నాలుగు వాక్యాలు రాసుకున్న ఈ సంగతి కూడా ఆ శిబిరాల చరిత్రే.

వీళ్లిద్దరూ అధికారుల భార్యలు. మామూలు సైనికుల సంగతి వేరు. చట్ట ప్రకారం వాళ్లకి పెళ్లి లేదు. క్రీ.శ. 197 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ ఆ నిషేధం సడలించే దాకా రెండు శతాబ్దాలు సైనికుడి భార్య అన్న మనిషి చట్టం కళ్లకి లేదు. కానీ కోటల పక్కన ఊళ్లున్నాయి, ఇళ్లున్నాయి. విండోలాండాలో పసిపిల్లల చెప్పులు కూడా దొరికాయి. పాతికేళ్ల సేవ చేసి విడుదలైన సహాయక దళాల సైనికులకి ఇచ్చే కంచు పత్రాల్లో, అప్పటిదాకా చట్టం గుర్తించని ఆ భార్య చివర్లో ఒక వాక్యంలో కనిపిస్తుంది. రాజ్యం ఆమెని లేదన్నది. సైనికుడు సాయంత్రం వెళ్లిన గుహ కూడా ఆమెని లేదన్నది. రాతిలోంచి పుట్టిన దేవుడు అలాంటి సైన్యానికి సరిగ్గా సరిపోయాడు. తల్లీ భార్యా లేకుండా మనిషి ఉండగలడన్న అబద్ధాన్ని రోజూ నమ్మించాలంటే ఒక దేవుడు కావాలి కదా.

బెల్జియంలో టీనెన్ అనే ఊళ్లో 1998లో ఒక మిత్రాస్ గుడి తవ్వారు. పక్కనే గుంటల్లో ఒక పెద్ద విందు మిగుళ్లు దొరికాయి. మార్లీన్ మార్టెన్స్ అనే పురావస్తు పరిశోధకురాలు వాటిని లెక్కపెట్టించింది. కనీసం 285 కోళ్లు, 14 గొర్రెపిల్లలు, 10 పందిపిల్లలు. వేసవి నడిమధ్యలో, ఒకే పర్యాయంలో, వందమందికి పైగా తిన్న విందు. ఆ గుడి అంతమందికి చాలదు. బయట కూడా తిని ఉంటారు. ఆ లెక్క చదివినప్పుడు తండ్రులూ సింహాలూ గుర్తుకు రాలేదు. 285 కోళ్ల ఈకలు పీకిందెవరు, కోసిందెవరు, వండిందెవరు, కుండలు తోమిందెవరు? ఆ రోజుల్లో బానిస మగవాళ్లు కూడా వంట చేశారు కాబట్టి స్త్రీలే చేశారని నేను అనను. కానీ పెంచినవాళ్లూ, వండినవాళ్లూ, బయట కూర్చుని తిన్నవాళ్లూ కలిసి ఆ గుహ చుట్టూ ఒక ఊరు ఉంది. మతం అంటే గుహ ఒక్కటే అనుకుంటే ఆ ఊరు కనిపించదు. ఎముకలు లెక్కపెట్టినప్పుడే కనిపించింది.

ఈ మతం ఎందుకు నిలవలేదు అన్న ప్రశ్నకి పాత పుస్తకాల్లో ఒక జవాబు మళ్లీ మళ్లీ వస్తుంది. స్త్రీలని చేర్చుకోలేదు, అందుకే క్రైస్తవం ముందు ఓడిపోయింది అని. క్రైస్తవం ఏదో జబ్బుతో ఆగిపోయి ఉంటే ప్రపంచం మిత్రాస్‌ని కొలిచేదని 1882లో ఎర్నెస్ట్ రెనాన్ రాసినప్పటినుంచీ ఈ పోలిక నడుస్తోంది. మొదట చదివినప్పుడు ఇది మన పక్షాన మాట్లాడుతున్నట్టే అనిపిస్తుంది. ఆలోచిస్తే అలా లేదు. ఇందులో స్త్రీ అంటే పిల్లల్ని కని, ఇంటి మతాన్ని వాళ్లకి పట్టించే సాధనం. ఆ సాధనాన్ని వాడుకోని మతం ఓడింది, వాడుకున్నది గెలిచింది. వాడుకోవడం గురించి ఎవరూ ప్రశ్న వెయ్యరు. పైగా మతం పోవడానికి ఇంకా కారణాలున్నాయి. చక్రవర్తుల ఆదరణ మారింది, సరిహద్దులు కదిలాయి, 391లో థియొడోసియస్ పాత పూజల్ని నిషేధించాడు, గ్రాకుస్ లాంటివాళ్లు గుహలు పగలగొట్టారు.

లేటా ఉత్తరం దగ్గరికి మళ్లీ వెళ్తాను. ఆమె తండ్రి అల్బీనుస్ పాత రోమన్ మతంలో పూజారి. కూతురు క్రైస్తవురాలు. ముసలాయన ఒళ్లో కూర్చున్న మనవరాలు క్రీస్తు పాటలు పాడుతుందని జెరోమ్ మురిసిపోయాడు. తండ్రుల మతం ఒక పసిపిల్ల గొంతులో ముగిసిపోవడం ఆయనకి గెలుపు. కానీ ఆ పిల్ల పుట్టకముందే ఆమెని కన్యగా దేవుడికి అర్పిస్తామని మొక్కుకున్నారు. ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, స్నానానికి ఎలా వెళ్లాలి, అన్నిటికీ ఉత్తరంలో నియమాలున్నాయి. రోమ్‌లో పెంచడం కష్టమైతే బెత్లెహేంలో ఉన్న నాయనమ్మ దగ్గరికి, మేనత్త దగ్గరికి పంపెయ్యమన్నాడు. తర్వాత ఆ అమ్మాయి నిజంగానే అక్కడికి చేరింది. ఒక మతం స్త్రీని గుహ బయట నిలబెట్టింది. ఇంకోటి లోపలికి పిలిచి తలుపు వేసింది. రెండింటిలో ఏది మేలు అని తూచడానికి నాకు మనసు రావడం లేదు.

అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది. పిల్లకి చెక్కతోనో దంతంతోనో అక్షరాలు చేయించి ఇవ్వమంటాడు జెరోమ్. వాటి పేర్లు చెప్తూ వాటితో ఆడుకోనివ్వమంటాడు. చేతికి పలక వచ్చాక, ఆమె వేళ్ల మీద ఇంకొకరి చెయ్యి వేసి దిద్దించమంటాడు. ఆ ఉత్తరం మొదట్లో మగవాళ్ల ఏడు మెట్లున్నాయి. తర్వాత ఈ అక్షరాలున్నాయి. ఆ గుహ కటకటాల ముందు నవ్విన నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నాకిప్పుడు ఈ పసిపిల్ల గుర్తొస్తుంది. ఆమె ఆ అక్షరాలతో ఏం రాసిందో మన దాకా ఏమీ రాలేదు.